ఖాళీ ఇళ్ళ మీదుగా వచ్చిన రోడ్డు

ఆ మొద్దు కాస్త అవతలికి జరుపమ్మలూ, పొగంతా అమ్మమ్మ కళ్ళలోకే పోతోంది. ఆఁ, అలాగ. ఇప్పుడు విను. 105 ఫ్రీవే లాస్ ఏంజిలస్ ఎయిర్‌పోర్టు దగ్గర బయల్దేరి నార్వాక్ దాకా అంత దర్జాగా వచ్చింది కదా, ఇంకొంచెం పోతే ఐదో నంబరు ఫ్రీవేలో కలిసిపోయేదే కదా, స్టూడ్‌బేకర్ రోడ్డు దగ్గర ఉన్నట్టుండి ఎందుకు ఆగిపోయిందని అడిగావు. ఒక్క ముక్కలో చెప్పాలంటే నార్వాక్ వాళ్ళు మా ఊళ్ళోంచి వద్దన్నారు, ఆగింది. కానీ వద్దనడం నార్వాక్‌తో మొదలు కాలేదు. పడమటి వైపు వాళ్ళూ వద్దన్నారు. వాళ్ళ మాట చెవిన పడాలంటే ఒక ఫెడరల్ జడ్జి కావలసి వచ్చాడు. అదంతా జరిగినప్పుడు నేను ఈ చుట్టుపక్కలే ఉన్నాను. చూసింది చూసినట్టు చెబుతాను. చూడనిది నలుగురి నోటా విన్నదీ, తర్వాత చదివి తెలుసుకున్నదీ.

నేను లాస్ ఏంజిలస్‌లో దిగింది 1971లో. కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ చదివినవాణ్ణి, కాంక్రీటు పరీక్షలు చేసే ఒక చిన్న ల్యాబులో ఉద్యోగం దొరికింది. అద్దె తక్కువని హాథార్న్‌లో గది తీసుకున్నాను. ఎంత చక్కని వీధులనుకున్నావు! చిన్నచిన్న ఇళ్ళు, ముందు గరిక, పక్కన నిమ్మచెట్టు, సాయంత్రమయ్యేసరికి గరాజు తలుపులెత్తి కార్లు బాగుచేసుకునే నాన్నలు. చాలామంది విమానాల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు. నార్త్‌రప్ కంపెనీ ఆ ఊళ్ళోనే ఉండేది. తెలుగువాళ్ళు మేం చేతివేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. కందిపప్పు కోసం ఎక్కడెక్కడికో తిరిగేవాళ్ళం. ఆర్టీషియాలో పయనీర్ బులివార్డ్ మీద ఇప్పుడున్న మన కొట్లు అప్పటికి లేవు.

మా వీధికి రెండు వీధుల అవతల కొన్ని ఇళ్ళకు కిటికీల నిండా చెక్కలు కొట్టి ఉండేవి. ఎవరో చనిపోయారేమో, ఊరెళ్ళారేమో అనుకున్నాను మొదట్లో. ఒక ఇంటికైతే సరే. వరసగా నాలుగు ఇళ్ళకు, మధ్యలో ఒక ఇంట్లో మనుషులు, మళ్ళీ మూడింటికి చెక్కలు. మా ఇంటాయన్ని అడిగితే, అవన్నీ రాష్ట్రం కొనేసింది, ఫ్రీవే వస్తుంది అన్నాడు. ఎప్పుడొస్తుంది అంటే చెయ్యి ఊపేశాడు.

అసలు ఆ రోడ్డు గీత కాగితం మీద పడింది 1950ల చివర్లో. 1959లో కాలిఫోర్నియా రాష్ట్రం పన్నెండు వేల మైళ్ళకు పైగా ఫ్రీవేలు, ఎక్స్‌ప్రెస్‌వేలు వెయ్యాలని చట్టం చేసింది. సెంచురీ ఫ్రీవే అని దీనికి పేరు పెట్టారు. సెంచురీ బులివార్డ్ పేరు మీద వచ్చిందది. కానీ రోడ్డు పడింది దానికి దక్షిణాన, ఇంపీరియల్ హైవేని ఒరుసుకుంటూ. 1968కల్లా కేంద్రం దీన్ని ఇంటర్‌స్టేట్ రోడ్ల లెక్కలోకి తీసుకుంది. ఆ లెక్కలోకి వస్తే ఖర్చులో నూటికి తొంభై డాలర్లు వాషింగ్టన్ పెడుతుంది, పది రాష్ట్రం పెట్టుకుంటే చాలు. ఆ తొంభై వంతుల డబ్బు కోసం ఈ దేశంలో ఎన్ని ఊళ్ళ గుండెల మీద గీతలు గీశారో చెప్పలేను. వద్దంటే ఆ డబ్బు ఇంకో రాష్ట్రానికి పోతుందన్న భయం ఒకటి.

గీత ఎక్కడెక్కడ పోయిందో చూడు. ఎయిర్‌పోర్టు దగ్గర మొదలై, లెనాక్స్, హాథార్న్, ఇంగిల్‌వుడ్ అంచు, ఆపైన వాట్స్, విల్లోబ్రుక్, లిన్‌వుడ్, పారామౌంట్, డౌనీ, చివర్లో నార్వాక్. పదిహేడు మైళ్ళ పైచిలుకు. అందులో ఇరవై వేల మందికి పైగానే ఇళ్ళు వదలాలి. ఇళ్ళూ, బళ్ళూ, చర్చీలూ, దుకాణాలూ అన్నీ గీత కింద పడ్డాయి.

వాట్స్ అన్న పేరు విన్నావు కదా? 1965 ఆగస్టులో ఆరు రోజులు తగలబడింది. ముప్ఫై నాలుగు మంది చచ్చిపోయారు. ఆ మంట ఎందుకు అంటుకుందో అర్థం కావాలంటే ఇళ్ళ సంగతి తెలియాలి. నల్లవాళ్ళకు ఇల్లు అమ్మకూడదని దస్తావేజుల్లోనే రాసుకునేవాళ్ళు ఈ ఊళ్ళో. 1948లో సుప్రీంకోర్టు ఆ షరతులు ఏ కోర్టులోనూ చెల్లవంది. చెల్లవన్నా అమ్మేవాళ్ళు అమ్మరు కదా. కాబట్టి నల్లవాళ్ళు ఎక్కడ కొనగలిగారో అక్కడే కొన్నారు. వాట్స్, విల్లోబ్రుక్, కాంప్టన్, అలాంటి చోట్ల. ఇరవై ఏళ్ళు గోదాముల్లో, ఓడరేవులో, ఆసుపత్రుల్లో చాకిరీ చేసి అప్పు తీర్చి, ఇది నాది అనుకున్న ఇంటికి ఒక రోజు ఉత్తరం వస్తుంది. మీ ఇల్లు దారిలో ఉంది, ధర కట్టి ఇస్తాం, వెళ్ళిపొండి అని. ఎక్కడికి వెళ్తారు? తెల్లవాడికైతే పక్క ఊళ్ళో ఇల్లు దొరుకుతుంది. ఇచ్చిన డబ్బుకి అలాంటి ఇల్లు వీళ్ళకు ఎక్కడ దొరుకుతుంది? ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే మొత్తం కథ తిరిగింది.

వాళ్ళకు ముందు అనుభవం కూడా ఉంది. శాంటా మోనికా ఫ్రీవే వచ్చినప్పుడు షుగర్ హిల్ అని నల్లవాళ్ళు పెద్ద పెద్ద ఇళ్ళు కొనుక్కున్న గుట్ట ఉండేది, దాన్ని చీల్చుకుంటూ పోయింది. బాయిల్ హైట్స్‌లో మెక్సికన్లు, యూదులు, జపాన్‌వాళ్ళు కలిసి బతికే పేటల మీద ఫ్రీవేల చిక్కుముడి మొత్తం పడింది. అదే మ్యాపులో బెవర్లీ హిల్స్ మీదుగా కూడా ఒక ఫ్రీవే గీత ఉండేది తెలుసా? అది 1975లో మ్యాపులోంచి తుడుచుకుపోయింది. అక్కడ ఒక్క గోడ కూడా పడలేదు. నేను ఇంజనీర్ని, ఫ్రీవేల మీద బతికినవాణ్ణి. అయినా ఆ రెండు గీతల్ని పక్కపక్కన పెట్టి చూసినప్పుడల్లా నాకు కడుపు మండుతుంది.

ఇక కోర్టు సంగతి. 1972 ఫిబ్రవరిలో దావా వేశారు. దారిలో ఇళ్ళున్న నాలుగు జంటలు ముందు నిలబడ్డాయి. వాళ్ళలో కీత్ అనే దంపతుల పేరు మొదట రావడంతో అది కీత్ వర్సెస్ వోల్పీ కేసు అయింది. వోల్పీ అంటే అప్పటి కేంద్ర రవాణా మంత్రి. వాళ్ళకు తోడు నల్లవాళ్ళ హక్కుల సంఘం ఎన్.ఎ.ఎ.సి.పి., అడవుల కోసం కొండల కోసం పోరాడే సియెర్రా క్లబ్బు, హాథార్న్ నగర పాలక సంఘం కూడా చేరాయి. ప్రజాప్రయోజనాల కోసమే పెట్టిన ఒక లాయర్ల సంస్థ కేసు నడిపింది. పడుచు లాయర్లు, అప్పుడప్పుడే పెద్ద కంపెనీల ఉద్యోగాలు వదులుకుని వచ్చినవాళ్ళు.

వాళ్ళు రోడ్డు చెడ్డదని వాదించలేదమ్మా. కొత్తగా వచ్చిన రెండు చట్టాలు పట్టుకున్నారు. ఒకటి, పర్యావరణ చట్టం. 1970 జనవరి మొదటి తేదీన నిక్సన్ సంతకం పెట్టాడు. కేంద్రం డబ్బు పెట్టే ఏ పెద్ద పనికైనా ముందు దాని వల్ల గాలికి, నీటికి, మనుషులకు ఏమవుతుందో రాసి జనం ముందు పెట్టాలి. రెండోది, 1971 జనవరి మొదట్లో వచ్చిన పునరావాస చట్టం. మనిషిని ఇంట్లోంచి లేపేముందు అతను ఉండదగ్గ, అతను భరించగల ఇల్లు ఇంకోటి ఉందని చూపించాలి. రాష్ట్రం ఏమందంటే, మేం గీత గీసింది ఈ చట్టాల కంటే ముందు, మాకు వర్తించవు అంది.

కేసు జడ్జి హ్యారీ ప్రెగర్సన్ దగ్గరికి వచ్చింది. ఆయన ఎక్కడి మనిషనుకున్నావు? ఇందాక చెప్పాను చూడు బాయిల్ హైట్స్, అక్కడ పెరిగినవాడు. రెండో ప్రపంచయుద్ధంలో మెరీన్లలో చేరి ఒకినావాలో గాయపడ్డాడు. 1972 జులైలో ఇంజంక్షన్ ఇచ్చేశాడు. పర్యావరణ నివేదిక రాయండి, చప్పుడు గురించీ పొగ గురించీ మళ్ళీ జనంతో విచారణలు జరపండి, ఇళ్ళు పోయేవాళ్ళు ఎక్కడుంటారో లెక్క చూపించండి, అప్పటిదాకా పని ఆపండి అన్నాడు. అప్పటికి రాష్ట్రం దారిలో సగానికి పైగా ఆస్తులు కొనేసింది.

ఆ వార్త వచ్చిన రోజు మా ల్యాబులో పెద్దాయన ఒకాయన, ఇక ఈ దేశంలో రోడ్లు వేసినట్టే అని కాఫీ కప్పు బల్ల మీద కొట్టాడు. నేను అప్పుడు ఏమీ అనలేదు. కొత్తవాణ్ణి, వీసా మీద ఉన్నవాణ్ణి. కానీ నా లోపల ఒక మాట తిరిగింది. ఊళ్ళు ఖాళీ చేయించే పనిని ఒక జడ్జి ఆపగలడా అని. నాకు అది కొత్త.

ఆ తర్వాత ఏడేళ్ళ పైచిలుకు గడిచాయి. ఆ ఏడేళ్ళ గురించి ఎవరూ ఎక్కువ మాట్లాడరు. గెలిచినవాళ్ళు గెలిచామంటారు, రోడ్డు కావాలన్నవాళ్ళు కోర్టు వల్ల ఖర్చు పెరిగిందంటారు. మధ్యలో ఆ వీధుల్లో బతికినవాళ్ళ గోడు ఎవరికీ పట్టలేదు.

లిన్‌వుడ్‌లో ఒక పెద్దావిడ ఉండేది. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది. మా ల్యాబుకి మట్టి నమూనాలు తెచ్చే డ్రిల్లరు ఆవిడకు అల్లుడు వరస. ఒకసారి అతనితో వాళ్ళింటికి భోజనానికి వెళ్ళాను. ఆవిడ ఇంటికి ఎడమ పక్క ఇల్లు తగలబడి మొండిగోడలు మిగిలాయి. కుడి పక్క ఇంట్లో రాగి గొట్టాలు, కుళాయిలు, వాకిలి తలుపుతో సహా దొంగలు ఎత్తుకుపోయారు. ఎదురుగా స్థలం చదును చేసేశారు గానీ, సిమెంటు మెట్లు మాత్రం తియ్యలేదు. మూడు మెట్లు, పక్కన ఇనప కమ్మీ, ఎక్కితే పైన ఏమీ లేదు, పిచ్చిమొక్కలు. ఆవిడ ఆ మెట్ల వైపు చూపించి, పిల్లలున్న కుటుంబం ఉండేది, చిన్నది రోజూ ఆ మెట్ల మీద కూర్చుని షూ లేసులు కట్టుకునేది అంది. అమ్మేద్దామా అంటే ఎవరు కొంటారు? ఉండిపోదామా అంటే చుట్టూ ఏముంది? రాత్రి పూట మంచం పక్కన టార్చిలైటు పెట్టుకుని పడుకునేదట. అయినా కేసు వేసినవాళ్ళని ఆవిడ ఒక్క మాట అనలేదు. వాళ్ళు అడగకపోతే మమ్మల్ని అడిగేవాళ్ళే లేరు కదా బాబూ అంది. పీచ్ పండ్ల తీపి వంటకం ఒకటి పెట్టింది, దాని రుచి నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ ఏడేళ్ళ భారాన్ని ఎవరు మోశారంటే ఆవిడ లాంటివాళ్ళు మోశారు. ముందే అడిగి, ముందే ఇల్లు చూపించి ఉంటే ఆ కోర్టూ ఉండేది కాదు, ఆ కాలిన ఇళ్ళూ ఉండేవి కాదు. ఈ మాట నేను ఎన్ని మీటింగుల్లో ఎంతమంది ఇంజనీర్లకు చెప్పానో.

సరే, 1979 అక్టోబరులో రాజీ డిక్రీ అయింది. అప్పటికి రాష్ట్రంలో జెర్రీ బ్రౌన్ గవర్నరు, పైన కార్టర్ ప్రెసిడెంటు. ఇద్దరికీ కొత్త ఫ్రీవేల మీద పెద్ద మోజు లేదు. బ్రౌన్ రవాణా శాఖకు పెట్టిన డైరెక్టరు ఏడ్రియానా జియాన్‌టర్కో అయితే ఫ్రీవేలంటేనే గిట్టని మనిషని పేరు. అందుకే రాజీ కుదిరింది. రోడ్డు వేస్తాం, కానీ ముందు అనుకున్నట్టు పది లేన్లు వెయ్యం. ఎనిమిదే. అందులో రెండు బస్సులకూ, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళే కార్లకూ. మధ్యలో రైలుకి చోటు. కూలగొట్టిన ఇళ్ళకు బదులుగా ఇళ్ళు కట్టాలి, మొదట 4,200 అన్నారు. రోడ్డు వేసే పనిలో ఆ దారిలో ఉన్నవాళ్ళకు, నల్లవాళ్ళకు, మెక్సికన్లకు, ఆడవాళ్ళకు ఉద్యోగాలు ఇవ్వాలి, పని రానివాళ్ళకు నేర్పించాలి. ఊళ్ళవాళ్ళ తరఫున మాట్లాడటానికి ప్రత్యేకంగా ఒక ఆఫీసు పెట్టాలి. అన్నీ కాగితం మీద, జడ్జిగారి ముద్రతో. అదే ఏడాది ప్రెగర్సన్‌కి పై కోర్టుకి ప్రమోషనొచ్చింది. అయినా ఈ కేసు మాత్రం వదల్లేదు, పట్టుకునే కూర్చున్నాడు.

రీగన్ వచ్చాక అంత డబ్బు ఇవ్వలేమన్నారు. 1981లో డిక్రీ సవరించారు. ఇళ్ళు 3,700కి తగ్గాయి. లేన్లు ఎనిమిదే ఉన్నాయి, రైలు ఉంది, ఉద్యోగాల షరతూ ఉంది.

అమ్మలూ, ఆ 1981 నాకు ఇంకోందుకు గుర్తుంది. మా పెద్దత్తయ్యగారి ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది, శ్రీశైలం డ్యాం నీళ్ళు వచ్చే చోట. ఆ ఏడాది ఎండాకాలంలో ఊరు ఖాళీ చేశారని నాన్నగారు ఉత్తరం రాశారు. దాదాపు వంద ఊళ్ళు, లక్ష మంది దాకా లేచిపోయారు. చేతిలో 1894 నాటి భూసేకరణ చట్టం. ఇచ్చిన నష్టపరిహారంతో ఎవరి దారి వాళ్ళు చూసుకోవడమే. కూడవెల్లి సంగమేశ్వరుడి గుడిని మాత్రం రాయి రాయి విడదీసి, నంబర్లు వేసి, అలంపురం తీసుకెళ్ళి మళ్ళీ నిలబెట్టారు. గుడిని కాపాడటం మంచి పనే, నాకు సంతోషమే. అయితే అదే నెలల్లో ఇక్కడ ఒక కోర్టు, మనుషుల ఇళ్ళను కూడా అలాగే లెక్కపెట్టి తిరిగి కట్టమని చెప్పింది. ఆ ఉత్తరం పట్టుకుని ఆ రాత్రి నేను నిద్రపోలేదు. మన దేశమంతటికీ వర్తించేలా పునరావాసం హక్కుగా రాసిన చట్టం 2013 దాకా రాలేదు.

నాకు 105 పని వచ్చింది ఆ తర్వాతే. 1982 మే నెలలో పని మొదలుపెట్టారు. మా ల్యాబుకి కాంక్రీటు పరీక్షల కాంట్రాక్టు దక్కింది. పొద్దున్నే లారీ వస్తుంది, దాని వెనక నేను ఇనప శంకువు పట్టుకుని నిలబడతాను. కాంక్రీటు అందులో మూడు పొరలుగా వేసి, ఒక్కో పొరను ఇనప కడ్డీతో పాతిక పోట్లు పొడిచి, శంకువు నెమ్మదిగా పైకి లేపితే ముద్ద ఎంత కిందికి జారిందో కొలవాలి. దాన్ని స్లంప్ అంటారు. ఎక్కువ జారితే నీళ్ళెక్కువ, లారీ వెనక్కి పంపాలి. తర్వాత అదే కాంక్రీటుతో చిన్న స్తంభాలు పోసి, తడిగా ఉంచి, ఇరవై ఎనిమిదో రోజున మిషను కింద పెట్టి పగలగొట్టాలి. ఎన్ని వేల స్తంభాలు పగలగొట్టానో. ఇప్పుడు నువ్వు 110 ఫ్రీవే మీదికి తిరిగే ఆ అయిదంతస్తుల కూడలి కింద నా చేతి మీదుగా వెళ్ళిన కాంక్రీటు ఉంది.

అక్కడ చూశాను నేను ఆడవాళ్ళు వడ్రంగం చెయ్యడం. సెంటరింగ్ పని తెలుసు కదా, కాంక్రీటు పోసేముందు చెక్కలు కట్టి అచ్చు చెయ్యడం. డిక్రీ ప్రకారం పెట్టిన శిక్షణ కేంద్రాల నుంచి వచ్చినవాళ్ళు. ఒకమ్మాయి విల్లోబ్రుక్ పిల్ల, చిన్న కొడుకుని తల్లి దగ్గర వదిలి తెల్లారగట్ల అయిదింటికే సైటుకి వచ్చేది. మొదటి వారాల్లో కొందరు పాత మేస్త్రీలు ఆ పిల్లకి కావాలని బరువు పనులు చెప్పారు. ఆ అమ్మాయి నోరెత్తలేదు, చెప్పిన పనల్లా చేసింది. మూడో ఏడాదికి అదే అమ్మాయి అచ్చు లెవెల్ సరిగా లేదని ఒక పాతాయన చేత మేకులు పీకించి మళ్ళీ కట్టించింది. నేను పక్కనే ఉన్నాను. ఒక మిల్లీమీటరు కూడా తేడా రానిచ్చేది కాదు. కాంట్రాక్టర్లు లెక్కలు చూపించడానికి పేర్లు రాసుకుని పని ఇవ్వని సందర్భాలు కూడా ఉన్నాయని ఊళ్ళవాళ్ళు కోర్టుకి చెబుతూనే ఉండేవాళ్ళు, అదీ నిజం. కానీ ఆ పిల్ల కట్టిన అచ్చులో పోసిన గోడ ఇప్పటికీ ఉంది.

ఇళ్ళ తరలింపు కూడా చూశాను. కొన్ని మంచి ఇళ్ళను కూలగొట్టకుండా జాకీల మీద లేపి, కింద ఉక్కు దూలాలు దూర్చి, చక్రాల బండి మీద పెట్టి రాత్రి పూట తీసుకెళ్ళేవాళ్ళు. ముందొక పోలీసు బండి. కరెంటు తీగలు పైకెత్తి పట్టుకునే మనుషులు ఇంటికి అటూ ఇటూ నడిచేవాళ్ళు. కిటికీకి తెరలు కూడా అలాగే ఉండేవి. ఖాళీ స్థలాల్లో వాటిని దించి, బాగుచేసి, తక్కువ ఆదాయం వాళ్ళకు ఇచ్చారు. అయితే ఒక మాట దాచకూడదు. ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళలో చాలామంది అప్పటికే వెళ్ళిపోయారు. పదేళ్ళ క్రితం వచ్చిన డబ్బు తీసుకుని ఎవరు ఎక్కడ తేలారో. కొత్త ఇళ్ళలోకి ఎక్కువగా కొత్తవాళ్ళే వచ్చారు. లిన్‌వుడ్ పెద్దావిడ కూడా కట్టిన ఇల్లు తీసుకోకుండా కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది.

హాథార్న్‌లో కూలిన ఇళ్ళలో ఒకటి 119వ వీధిలో ఉండేది. బీచ్ బాయ్స్ అని పాటల వాళ్ళున్నారు కదా, మీ నాన్న చిన్నప్పుడు క్యాసెట్లు తెగ అరగదీశాడు, ఆ బృందంలోని అన్నదమ్ములు పెరిగిన ఇల్లు. 1980ల మధ్యలో అదీ పోయింది. 2005లో ఆ చోట ఇటుకలతో ఒక స్మారకం కట్టారు. దాని చుట్టుపక్కల అదే రోడ్డు కింద పోయిన మిగతా ఇళ్ళకు ఏ ఫలకమూ లేదు.

1993 అక్టోబరు 14న రోడ్డు తెరిచారు. రెండు వందల ఇరవై కోట్ల డాలర్లు తేలింది ఖర్చు. అప్పటికి దేశంలో మైలుకి ఇంత పోసిన రోడ్లు అరుదు. తెరవక ముందు ఖాళీగా ఉన్న రోడ్డు మీద ఒక సినిమా తీశారు, బస్సు గాల్లోకి ఎగిరి అవతల పడుతుంది చూడు, స్పీడ్, ఆ సీను. నువ్వు చూసిన లా లా లాండ్‌లో కార్ల మీద ఎక్కి నాట్యం చేస్తారే, అది కూడా ఆ కూడలి వంతెన మీదే. ఆ కూడలికి తర్వాత జడ్జి ప్రెగర్సన్ పేరు పెట్టారు. రోడ్డు ఆపిన మనిషి పేరు రోడ్డుకే పెట్టడం నాకు న్యాయంగా అనిపిస్తుంది.

తూర్పు వైపు, పారామౌంట్ డౌనీల దగ్గర, రోడ్డు నేలమట్టానికి దిగువన పోతుంది. అలా దింపితే చప్పుడు ఊళ్ళోకి రాదు. అయితే దాన్ని గీసిన నాటికి భూగర్భజలాలు తోడి తోడి బాగా లోతుకి పోయి ఉన్నాయి. తర్వాత తోడటానికి కట్టడి పెట్టి, వాన నీళ్ళు ఇంకించేసరికి నీటిమట్టం పైకి వచ్చింది. రోడ్డు తెరిచాక కింద నుంచి నీళ్ళు ఊరి పలకలు పగలడం మొదలుపెట్టాయి. బావులు వేసి పంపులతో తోడాల్సి వచ్చింది. ముప్ఫై ఏళ్ళ క్రితం గీసిన గీతని మళ్ళీ నేల దగ్గరికెళ్ళి చూసుకోకపోతే అంతే మరి.

రైలు 1995 ఆగస్టులో వచ్చింది, గ్రీన్ లైన్. అది ఎయిర్‌పోర్టు గుమ్మం దాకా వెళ్ళి, లోపలికి పోకుండా ఎల్ సెగుండో వైపు తిరిగిపోయింది. అక్కడి విమానాల కంపెనీల ఉద్యోగుల కోసం అని. తీరా రైలు వచ్చేసరికి రష్యాతో పోటీ అయిపోయింది, ఆ ఉద్యోగాలు చాలా వరకు పోయాయి. మా తోడల్లుడు హైదరాబాదు నుంచి మొదటిసారి వచ్చినప్పుడు, ఎయిర్‌పోర్టు బయట రెండు సూట్‌కేసులతో ఏవియేషన్ స్టేషనుకి పోయే బస్సు కోసం నిలబడ్డాం. రైలు కళ్ళెదుట కనబడుతోంది, ఎక్కడానికి బస్సెక్కాలి. ఎయిర్‌పోర్టు స్టేషను తెరిచింది 2025 జూన్‌లో. ఇటు చివర నార్వాక్‌లోనూ అంతే. ఊళ్ళోంచి వద్దన్నారు కాబట్టి రోడ్డు 605 ఫ్రీవే దాటగానే ఆగింది, దాంతోపాటు రైలూ ఆగింది. అక్కణ్ణించి మెట్రోలింక్ రైలు స్టేషనుకి రెండు మైళ్ళ పైన ఖాళీ. ఆ రెండు రైళ్ళూ ఇప్పటికీ కలవలేదు. నార్వాక్ వాళ్ళని నేను తప్పు పట్టను. పడమటి ఊళ్ళకు ఏం జరిగిందో చూస్తే ఎవరైనా వద్దంటారు. కానీ దాంతోపాటు రైలు ఆగకుండా ఉండాల్సింది.

చిన్నా, నువ్వు ఇందాకట్నుంచి ఒకటే అడుగుతున్నావు, ఇంతకీ ఎవరు గెలిచారు తాతయ్యా అని. నేను చెప్పగలిగింది ఇది. ఆ డిక్రీ ప్రకారం ఇళ్ళు కట్టడానికి పెట్టిన కార్యక్రమం ఉందే, అది రోడ్డు అయిపోగానే మూతపడాలి. పడలేదు. 1995లో దాన్ని లాభాపేక్ష లేని సంస్థగా మార్చారు. సెంచురీ హౌసింగ్ అని ఇప్పటికీ ఉంది. తక్కువ ఆదాయం వాళ్ళకు ఇళ్ళు కట్టేవాళ్ళకు అప్పులిస్తుంది, తనే కడుతుంది. లాంగ్ బీచ్‌లో నేవీ వాళ్ళు వదిలేసిన పాత క్వార్టర్ల స్థలంలో, ఇల్లూ వాకిలీ లేక వీధిన పడ్డ మాజీ సైనికుల కోసం, కుటుంబాల కోసం ఒక చిన్న ఊరే కట్టింది. విలేజెస్ ఎట్ కబ్రియో అంటారు. వెయ్యి మందికి పైగా ఉంటారు అక్కడ. ఆదివారం మీ ఇద్దరికీ తీరికైతే చెప్పండి, కారు తీస్తాను.